సిబిల్ చదివిన ఉత్తరాలు

అందరికీ నమస్కారం. యుద్ధంలో పట్టుబడ్డ సైనికుడు భార్యకి రాసే ఉత్తరాల గురించి మాట్లాడమన్నారు. రెండు ప్రపంచ యుద్ధాలు, ఆ తర్వాత వచ్చినవీ కలుపుకుంటే ఇలాంటి ఉత్తరాలు లక్షల్లో ఉంటాయి, అన్నిటి మీదా పైపైన మాట్లాడితే ఇంటికెళ్ళేసరికి మీకు ఒక్కటీ గుర్తుండదు. అందుకని ఒకే ఒక్క జంట గురించి చెబుతాను. వియత్నాం యుద్ధం, అమెరికా నేవీ పైలట్ జేమ్స్ స్టాక్‌డేల్, ఆయన భార్య సిబిల్. ఆయన పేరు మీలో కొందరు వినే ఉంటారు, ఎందుకంటే 1992లో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీ చేశాడు. మేనేజ్‌మెంట్ క్లాసుల్లో కూడా ఆయన పేరు వాడుతుంటారు. సిబిల్ పేరు తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ. నేను మాట్లాడేది ఎక్కువగా ఆవిడ గురించే. ఈ కథలో ఉత్తరం రాసినవాడు ఎంత ముఖ్యమో, చదివినావిడ అంతకంటే ముఖ్యం అని నా గట్టి నమ్మకం.

ముందు ఆయన సంగతి కాస్త చెప్పాలి. 1965 సెప్టెంబర్ 9న స్టాక్‌డేల్ ఒరిస్కనీ అనే విమానవాహక నౌక నుంచి ఏ-4 స్కైహాక్ విమానంలో ఉత్తర వియత్నాం మీదికి వెళ్ళాడు. కింద నుంచి విమాన విధ్వంసక తుపాకులు కాల్చాయి, విమానం పనికిరాకుండా పోయింది, సీటుతో సహా బయటికి ఎగిరి పారాషూట్‌లో ఒక ఊళ్ళో దిగాడు. దిగగానే జనం మీదపడి కొట్టారు. కాలు విరిగింది, వీపు దెబ్బతింది. అక్కణ్ణుంచి హనోయ్‌లోని హోవా లో జైలుకి తీసుకెళ్ళారు. ఫ్రెంచివాళ్ళు వియత్నాం దేశభక్తుల్ని పెట్టడానికి కట్టిన జైలు అది. అమెరికన్ ఖైదీలు దాన్ని హనోయ్ హిల్టన్ అనేవాళ్ళు. అక్కడా, చుట్టుపక్కల జైళ్ళలోనూ కలిపి ఏడున్నరేళ్ళు ఉన్నాడు. అందులో నాలుగేళ్ళు ఒంటరి గదిలో, రెండేళ్ళు కాళ్ళకి ఇనప సంకెళ్ళతో.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకెళ్ళలేను. ఆయన వేసినవి బాంబులు. కింద ఉన్నవి మనుషుల ఊళ్ళు. ఆ యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన వియత్నాం సైనికులు ఈనాటికీ సుమారు 3 లక్షల మంది అని అంచనా. వాళ్ళ భార్యలకి ఉత్తరాలు రాలేదు, వాళ్ళ గురించి నేను ఇలా ఒక సాయంత్రం మాట్లాడదామన్నా నా చేతికి అందే కాగితాలు చాలా తక్కువ. స్టాక్‌డేల్ జంట గురించి మనకి ఇంత తెలియడానికి కారణం వాళ్ళు రాసుకున్నారు, దాచుకున్నారు, 1984లో ఇద్దరూ కలిసి ఒకరి అధ్యాయం తర్వాత ఒకరి అధ్యాయంగా పుస్తకం వేశారు. ఈ తేడా మనసులో పెట్టుకుని వినండి.

ఇప్పుడు కొరొనాడోకి వద్దాం. శాన్‌డియాగో ఎదురుగా ఉండే చిన్న నేవీ ఊరు. మన పిల్లలు చాలామంది శాన్‌డియాగోలో ఉద్యోగాలు చేస్తున్నారు కాబట్టి మీలో కొందరు చూసే ఉంటారు, ఎత్తుగా నీలంగా వంపు తిరిగిన బ్రిడ్జి ఉంటుంది. ఆ బ్రిడ్జి 1969లో తెరిచారు, సిబిల్ మొదటి నాలుగేళ్ళూ పడవ మీదే ఆ నీళ్ళు దాటింది. నలుగురు మగపిల్లలు. పెద్దవాడు హైస్కూలు వయసువాడు, చిన్నవాడు మూడేళ్ళ పసివాడు. ఒక రాత్రి నేవీ మతగురువు ఇంటికి వచ్చి, మీ ఆయన విమానం కూలింది, ఆచూకీ లేదు అని చెప్పాడు. చనిపోయాడనలేదు, బతికున్నాడనీ అనలేదు.

ఆచూకీ లేదు అనే ఆ స్థితిలో ఏడు నెలలు గడిచాయి. ఒక్కసారి ఊహించండి, ఏడు నెలలు. కర్మకాండ చేసుకోవడానికి లేదు, ఎదురుచూడటానికి గట్టి కారణం లేదు. పిల్లలకి ఏం చెప్పాలి? ఇంటి లోను, స్కూలు ఫీజులు, చెడిపోయిన కారు, ఇవన్నీ మామూలుగానే వస్తుంటాయి. యుద్ధ కథలు చెప్పేవాళ్ళు ఈ భాగాన్ని రెండు వాక్యాల్లో దాటేస్తారు. నాకు మాత్రం ఆ ఏడు నెలలే ఆమె తర్వాత చేసిన ప్రతి పనికీ పునాది అనిపిస్తుంది, ఎందుకంటే ఎవరో ఒకరు వచ్చి చెబుతారని కూర్చుంటే ఎవరూ చెప్పరని ఆమెకి అర్థమైంది అప్పుడే.

1966 ఏప్రిల్‌లో రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి డిసెంబర్ ఆఖర్లో రాసింది, రెండోది ఫిబ్రవరి మొదట్లో రాసింది. చేతిరాత ఆయనదే.

మన ఇళ్ళల్లో పాత ఉత్తరాలు చూసినవాళ్ళకి తెలుస్తుంది, ప్రతి ఉత్తరమూ "ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను" అనే మొదలవుతుంది. ఇంట్లో ఎవరికి జ్వరమున్నా, అప్పులవాడు గుమ్మంలో కూర్చున్నా ఆ వాక్యం మారదు. కానీ మొగుడి అక్షరాలు కాస్త వంకరపోతే, ఎప్పుడూ అడిగే మనిషి పేరు ఈసారి అడక్కపోతే, మన అమ్మమ్మలు పట్టేసేవాళ్ళు. చదువు పెద్దగా లేకపోయినా పట్టేసేవాళ్ళు. సిబిల్ చేసింది అదే పని. కాకపోతే ఆమె ముందున్న ఉత్తరం జైలు అధికారుల కళ్ళు దాటి వచ్చింది, ఏం రాయాలో ఏం రాయకూడదో వాళ్ళే నిర్ణయించారు.

పైకి చూస్తే ఆ ఉత్తరాల్లో బాగున్నాను, పిల్లలు జాగ్రత్త, నువ్వు గుర్తొస్తున్నావు, ఇంతే. కానీ అక్కడక్కడా పొసగని సంగతులున్నాయి. కాలేజీ రోజుల నాటి స్నేహితుల్ని అడిగినట్టు అడిగాడు, కానీ ఆ ముద్దుపేర్లు ఆమె ఎప్పుడూ విననివి. సిబిల్ ఆ పేర్లతో కుస్తీ పట్టింది. పాత స్నేహితులకి ఫోన్లు చేసింది, ఫుట్‌బాల్ ఆటకి సంబంధించిన ఆ పేర్ల వెనక ఎవరున్నారో ఆలోచించింది, చివరికి తెలిసిందేమిటంటే, నాతోపాటు ఫలానా వాళ్ళు కూడా ఇక్కడ బతికి ఉన్నారు అని ఆయన చెబుతున్నాడు. అంటే అప్పటిదాకా ఆచూకీ లేదు అనుకున్న కొందరు మనుషులు బతికున్నారన్న వార్త, ఒక భార్యకి రాసిన ప్రేమలేఖలో దాక్కుని వచ్చింది.

ఇంకో వాక్యం ఉంది. వియత్నాం అంటే వేడి దేశం అనుకుంటాం కదా, జనవరిలో వానలొచ్చి చలిగా, చీకటిగా ఉంది, మధ్యాహ్నం కూడా చీకటే అన్న అర్థం వచ్చేలా వాతావరణం గురించి రాశాడు. జైలు అధికారికి అందులో తప్పేం కనపడుతుంది? వాతావరణం రాసుకున్నాడులే అనుకున్నారు. సిబిల్‌కి మాత్రం ఆర్థర్ కోస్లర్ నవల గుర్తొచ్చింది, దాని పేరులోనే మధ్యాహ్నపు చీకటి ఉంది, అది స్టాలిన్ కాలపు జైల్లో ఒంటరి గదిలో పెట్టి, ప్రశ్నల మీద ప్రశ్నలతో మనిషిని విరిచి నేరం ఒప్పించే కథ. ఆ ఒక్క వాక్యంతో ఆమెకి మొత్తం తెలిసిపోయింది. ఒంటరిగా పెట్టారు, హింస పెడుతున్నారు, ఏదో ఒప్పించాలని చూస్తున్నారు.

నేను ఈ కథ చదివినప్పుడల్లా ఇక్కడే ఆగిపోతాను. ఆ వాక్యం రాసేటప్పుడు ఆయనకి ఎంత నమ్మకం ఉండి ఉండాలి! నెలల తరబడి ఆమెని చూడలేదు, ఆమె ఎలాంటి మనఃస్థితిలో ఉందో తెలియదు, ఆమె ఈ వాక్యాన్ని వాతావరణం కబురుగా చదివి పక్కన పెడితే ఆయన చేసిన సాహసమంతా వృథా. పెళ్ళై 18 ఏళ్ళు. వాళ్ళిద్దరి మధ్యా పుస్తకాల మాటలు, నవ్వుకున్న సంగతులు, పేర్లు, ఇవన్నీ పోగుపడి ఉన్నాయి కాబట్టే అది పనిచేసింది. సెన్సారు అధికారి ఎంత తెలివైనవాడైనా ఒక కాపురాన్ని చదవలేడు.

ఇలాంటి రహస్యపు రాత మన దేశానికి కొత్తేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌కి వెళ్ళిన భారత సిపాయిలు ఇంటికి రాసిన ఉత్తరాలను బ్రిటిష్‌వాళ్ళు సెన్సారు చేసేవాళ్ళు, దానికోసమే ప్రత్యేకంగా ఒక ఆఫీసు పెట్టారు. సిపాయిలేమో నల్ల మిరియాలు అయిపోయాయి, ఇప్పుడు ఎర్ర మిరియాలు వాడుతున్నారు అని రాసేవాళ్ళు. నల్లవి అంటే మనవాళ్ళు, ఎర్రవి అంటే తెల్లవాళ్ళు. ఎవరు ఎక్కువ చచ్చిపోతున్నారో వంటింటి సరుకుల లెక్కలో చెప్పుకున్నారు. వాళ్ళలో చాలామందికి రాయడం రాదు, ఇంకొకరితో చెప్పి రాయించుకున్నారు, అక్కడ ఊళ్ళో భార్యకి చదవడం రాదు, ఎవరో చదివి వినిపించారు. నలుగురి నోళ్ళు దాటి కూడా అసలు సంగతి చేరింది. సెన్సారువాళ్ళకి ఆ మిరియాల సంగతి అర్థమైపోయింది కాబట్టే మనకి ఆ నకళ్ళు మిగిలాయి, అది వేరే విషయం.

సరే, సిబిల్ దగ్గరికి వద్దాం. ఉత్తరాల్లో ఏదో ఉందని గ్రహించాక ఆమె వాషింగ్టన్‌లో నేవీ ఇంటెలిజెన్స్‌లో పనిచేసే రాబర్ట్ బరోస్ అనే అధికారితో కలిసి పనిచేయడం మొదలుపెట్టింది. ప్రభుత్వాధికారుల్లో ఆమె నిజంగా నమ్మినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. కొంతకాలానికి ఆయన ఒక ప్రస్తావన తెచ్చాడు. మీరు మీ ఆయనకి రాసే ఉత్తరాల్లోనే మా రహస్య సందేశం పంపుతాం, ఆయన కూడా తిరిగి రహస్యంగా రాయగలిగే కాగితం పంపుతాం, ఒప్పుకుంటారా?

ఇది మామూలు ప్రశ్న కాదు. అప్పటిదాకా స్టాక్‌డేల్ యుద్ధఖైదీ. పట్టుబడితే గూఢచారి. ఉత్తర వియత్నాం అప్పటికే వీళ్ళని యుద్ధఖైదీలు అనడానికి ఒప్పుకోవడం లేదు, యుద్ధ నేరస్తులు అంటోంది, ఆ జూలైలోనే ఖైదీల్ని హనోయ్ వీధుల్లో జనం మధ్య నడిపించి కొట్టించారు, విచారణ జరిపి ఉరి తీస్తారన్న పుకార్లు ఉన్నాయి. అలాంటప్పుడు భర్త గదిలో రహస్య సందేశం దొరికితే? అడిగి తెలుసుకుందామా అంటే ఆయన్ని అడిగే దారి లేదు. ఆయన ప్రాణం మీద నిర్ణయం ఆమె ఒక్కతే తీసుకోవాలి. నలుగురు పిల్లల తండ్రి ప్రాణం. ఆమె ఒప్పుకుంది. తప్పో ఒప్పో చెప్పే అర్హత నాకు లేదు, కానీ ఆ నిర్ణయం తీసుకున్న మనిషిని ఓపికగా ఎదురుచూసిన భార్య అని ఒక్క మాటలో పొగిడి వదిలేయడం అన్యాయం. ఆమె ఎదురుచూస్తూ కూర్చోలేదు.

1966 చివర్లో ఆమె పంపిన ఉత్తరం స్టాక్‌డేల్‌కి ఇచ్చారు. అందులో ఒక పోలరాయిడ్ ఫోటో ఉంది. మీ అమ్మగారు ఈతకొడుతున్నారు చూడండి అన్నట్టు రాసింది. ఫోటోలో ఉన్నావిడ ఆయన తల్లి కాదు. ఎవరో తెలియదు. ఆయన తల్లి నీళ్ళ జోలికే పోదు. ఆయనకి మొదట ఏమీ తట్టలేదు, పారేద్దామనుకున్నాడు, చింపే ముందు ఆగాడు. ఇంత దూరం ఈ ఫోటో పంపారంటే ఊరికే పంపరు అనుకున్నాడు. ఈత, నీళ్ళు... తడిపి చూడాలేమో అని తట్టింది. ఆ గదిలో నీళ్ళు ఎక్కడివి? తన మూత్రంలోనే నానబెట్టాడు. కాసేపటికి ఫోటో పొరలు పొరలుగా విడిపోయింది, మధ్యలో చిన్న చిన్న అక్షరాలతో సందేశం కనిపించింది. ఈ ఉత్తరం కాగితమే కంటికి కనపడని రాతకి పనికొచ్చే కార్బన్ అని, ఇక మీద బేసి తేదీ వేసి వచ్చే ఉత్తరాలన్నీ అలాంటి కాగితమే అని, గులాబీ ఉన్న ఫోటో వస్తే నానబెట్టమని, దొరికిపోతే గూఢచారి నేరం కిందికి వస్తుంది కాబట్టి జాగ్రత్త అని.

ఆ కాగితం పనిచేసే తీరు తేలికే. మామూలు ఉత్తరం మామూలుగా రాసుకోవాలి. దాని మీద ఈ ప్రత్యేకమైన కాగితం పెట్టి గట్టి చోట ఒత్తి రాస్తే అందులోని రసాయనం కింద ఉన్న ఉత్తరానికి అంటుకుంటుంది, కంటికి మాత్రం ఏమీ కనపడదు, అమెరికాలో ల్యాబ్‌లో బయటికి తీస్తారు. కష్టమంతా ఇంకో చోట ఉంది. తలుపు రంధ్రంలోంచి కాపలావాడు ఎప్పుడు చూస్తాడో తెలియదు, చేతులేమో సంకెళ్ళ వల్ల మొద్దుబారి ఉన్నాయి, ఉత్తరం రాసుకోమని పెన్ను ఇచ్చేది ఎప్పుడో ఒకసారి, అదీ వాళ్ళకి ఇష్టమైనప్పుడు.

1967 జనవరి మొదట్లో ఆయన జవాబు రాశాడు. పైన భార్యకి కబుర్లు, కింద కనపడకుండా తోటి ఖైదీల పేర్ల జాబితా. హింస పెట్టడంలో వీళ్ళు ఆరితేరినవాళ్ళు, చేతులకీ కాళ్ళకీ రోజుకి 16 గంటలు ఇనుము అనే సంగతీ అందులోనే.

అదే కాలంలో జెరెమయా డెంటన్ అనే ఇంకో ఖైదీ ఏం చేశాడో మీలో కొందరికి తెలుసు. 1966లో టీవీ కెమెరా ముందు కూర్చోబెట్టి ఇంటర్వ్యూ తీస్తుంటే, లైట్లు కళ్ళలో పడుతున్నట్టు రెప్పలు ఆడిస్తూ మోర్స్ కోడ్‌లో టార్చర్ అన్న మాటని అక్షరం అక్షరం చెప్పాడు. అది వీడియోగా అందరూ చూస్తారు, ఒళ్ళు జలదరిస్తుంది. స్టాక్‌డేల్ ఉత్తరాలు అలా చూపించడానికి కుదరవు. కానీ పేర్ల జాబితా అనేది చాలా పెద్ద విషయం. ఒక మనిషి పేరు జాబితాలోకి ఎక్కింది అంటే, బతికున్నాడని బయటి ప్రపంచానికి తెలిసింది అంటే, అతన్ని చడీచప్పుడు లేకుండా చంపేయడం కష్టమవుతుంది. ఖైదీలకి అది తెలుసు. అందుకే గోడ మీద వేళ్ళతో తడుతూ, అక్షరాలను ఐదు అడ్డ వరసలు ఐదు నిలువు వరసలుగా పేర్చుకున్న కోడ్‌లో, ఒకరి పేర్లు ఒకరు బట్టీ పట్టారు. స్టాక్‌డేల్ ఉత్తరంలోకి ఎక్కిన పేర్లు అలా గోడల గుండా వచ్చినవే.

వెనక నుంచి ఎవరో అడుగుతున్నారు, ఇంత తెలిశాక అమెరికా ప్రభుత్వం ఎందుకు ఊరుకుంది అని. మంచి ప్రశ్న, సిబిల్‌కి నిద్ర పట్టనివ్వని ప్రశ్న కూడా అదే. ప్రభుత్వం భార్యలకి ఇచ్చిన సలహా ఒకటే, నోరు మెదపకండి. మీరు మాట్లాడితే మీ భర్తలకే ప్రమాదం, తెరవెనక మేం ప్రయత్నిస్తున్నాం అన్నారు. ఇక్కడ సిబిల్ పరిస్థితి మిగతా భార్యల కంటే కష్టమైంది. హింస జరుగుతోందని ఆమెకి ఖాయంగా తెలుసు, ఎలా తెలుసో చెప్పడానికి వీల్లేదు. చెబితే ఉత్తరాల దారి మూసుకుపోతుంది, భర్త ప్రాణం పోతుంది. పక్కింటి స్నేహితురాలు, అదే జైల్లో భర్త ఉన్న మనిషి, మీ ఆయన ఉత్తరంలో ఏం రాశాడు అని అడిగితే బాగానే ఉన్నాడట అని చెప్పాలి. ఆ టెన్షన్ ఏళ్ళ తరబడి మోసింది.

అందుకే ఆమె ఇంకో దారి పట్టింది. 1966, 67లో శాన్‌డియాగో చుట్టుపక్కల ఉన్న ఖైదీల భార్యల్ని ఇంటికి భోజనానికి పిలవడంతో మొదలుపెట్టింది. ఒకే ఊళ్ళో ఉంటూ కూడా ఒకరి సంగతి ఒకరికి తెలియదు వాళ్ళకి, ఎందుకంటే ఎవరితోనూ మాట్లాడొద్దన్నారు కదా. అది సంఘమైంది. 1968 అక్టోబర్‌లో శాన్‌డియాగో పేపర్‌లో తన పేరుతో, తన ఫోటోతో ఇంటర్వ్యూ ఇచ్చింది, మౌనం అక్కడ తెగింది. 1969 మేలో అమెరికా రక్షణ మంత్రి మెల్విన్ లైర్డ్ మొదటిసారి బహిరంగంగా ఖైదీల హింస గురించి మాట్లాడాడు. ఆ అక్టోబర్‌లో సిబిల్ కొద్దిమందితో కలిసి పారిస్ వెళ్ళి, ఉత్తర వియత్నాం ప్రతినిధుల ఎదురుగా కూర్చుని, ఫలానా ఫలానా మనుషులు ఎక్కడున్నారు, బతికున్నారా లేదా, భార్యలు పంపిన ఈ ప్రశ్నలకి జవాబు చెప్పండి అని అడిగింది. డిసెంబర్‌లో ప్రెసిడెంట్ నిక్సన్‌ని కలిసింది. 1970లో అది దేశమంతటికీ ఒకే సంస్థ అయింది, నేషనల్ లీగ్ ఆఫ్ ఫ్యామిలీస్. అమెరికా ప్రభుత్వ కార్యాలయాల మీద ఇప్పటికీ ఎగిరే నల్లటి జెండా, తల వంచుకున్న ఖైదీ బొమ్మ ఉంటుంది చూడండి, అది ఆ సంస్థ తెచ్చిందే.

నిక్సన్ ప్రభుత్వం ఈ భార్యల గోడుని యుద్ధాన్ని పొడిగించడానికి వాడుకుంది అని విమర్శ ఉంది. అందులో నిజం ఉందనే నేను అనుకుంటాను. సిబిల్ కూడా ప్రభుత్వాల్ని గుడ్డిగా నమ్మిన మనిషి కాదు. కానీ వాడుకున్నది ప్రభుత్వం, అడిగింది భార్యలు, వాళ్ళు అడిగింది న్యాయమైనదే. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ప్రతి యుద్ధఖైదీకీ నెలకి కనీసం రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులు రాసే హక్కు ఉంది. పట్టుబడగానే, లేదా శిబిరానికి చేరిన వారం లోపల, బతికున్నానని ఇంటికి కార్డు రాయనివ్వాలి. ఉత్తర వియత్నాం ఆ ఒప్పందంలో చేరింది కూడా. వాళ్ళు అడిగింది అంతకు మించి ఏమీ లేదు.

ఇదే సమయంలో, 1969 సెప్టెంబర్‌లో, హనోయ్‌లో ఏం జరిగిందో సిబిల్‌కి తెలియదు. ఆ నెల మొదట్లో ఉత్తర వియత్నాం నాయకుడు హో చి మిన్ చనిపోయాడు. స్టాక్‌డేల్ తోటి ఖైదీకి రాసిన చీటీ దొరికింది, మళ్ళీ హింస పెట్టి పేర్లు చెప్పిస్తారని తెలిసి, కిటికీ అద్దం పగలగొట్టి ఆ ముక్కతో మణికట్లు కోసుకున్నాడు. చచ్చిపోవాలని కాదు, చావుకైనా సిద్ధమే గానీ పేర్లు చెప్పను అని వాళ్ళకి తెలియాలని. అంతకుముందు కూడా తనని కెమెరా ముందు కూర్చోబెట్టకుండా ఉండటానికి తల కోసుకున్నాడు, స్టూలుతో మొహం చితక్కొట్టుకున్నాడు. ఈసారి కాపలావాళ్ళు కనిపెట్టి బతికించారు. ఆ తర్వాత హింస తగ్గింది. హో చి మిన్ మరణం కారణమా, భార్యలు చేసిన గోల కారణమా అంటే, రెండూ ఒకే కాలంలో జరిగాయి, రెంటికీ చోటివ్వాలని నా అభిప్రాయం. జైల్లో ఉన్నవాళ్ళలో చాలామంది మాత్రం మా ఆడవాళ్ళే మమ్మల్ని బతికించారు అని చెప్పుకున్నారు.

ఆ మార్పు తర్వాతే ఉత్తరాలు కాస్త క్రమంగా రావడం మొదలైంది. ఖైదీలకి అచ్చువేసిన ఫారాలు ఇచ్చారు, అందులో ఆరంటే ఆరు లైన్లు. భార్యలకి కూడా ఆ ఆరు లైన్ల లెక్కే పెట్టారు. ఆరోగ్యం గురించి, కుటుంబం గురించి తప్ప రాయకూడదు. 1970 నుంచి యుద్ధాన్ని వ్యతిరేకించే అమెరికన్ల కమిటీ ఒకటి హనోయ్ వెళ్ళి వస్తూ ఆ ఉత్తరాలను మోసుకొచ్చింది. కొందరు భార్యలకి అది మింగుడు పడలేదు, మా ఆయన ఉత్తరం కావాలంటే ఆయన చేసిన యుద్ధాన్ని తిట్టేవాళ్ళ చేతుల మీదుగా తీసుకోవాలా అని. కానీ తీసుకున్నారు. తీసుకోకుండా ఎలా ఉంటారు?

ఆరు లైన్లలో ఏం రాస్తారు చెప్పండి. మూడేళ్ళవాడు ఎనిమిదేళ్ళవాడయ్యాడు. పెద్దవాడు కాలేజీ వయసుకి వచ్చాడు. ఇల్లు రిపేరు, అత్తగారి ఆరోగ్యం, తన ఒంటరితనం, ప్రభుత్వంతో పోట్లాట. చివరిదైతే రాయడానికే లేదు. ప్రపంచమంతా తిరిగి ఆయన కోసం పోట్లాడుతున్న మనిషి ఆ సంగతి ఆయనకి ఉత్తరంలో చెప్పలేదు. ఆయనవైపు నుంచీ అంతే. 1964 ఆగస్టు 4 రాత్రి టోంకిన్ గల్ఫ్‌లో అమెరికా నౌకల మీద దాడి జరిగిందని చెప్పి కదా ఆ యుద్ధాన్ని పెంచారు. ఆ రాత్రి పైన విమానంలో తిరిగినవాడు స్టాక్‌డేల్. కింద శత్రువుల పడవలేవీ లేవు, నేను చూశాను అని తర్వాత చెప్పాడు. జైల్లో ఉన్నంతకాలం ఆ రహస్యం హింసలో ఎక్కడ నోరు జారుతుందోనని భయపడ్డాడు. ఏ కార్బన్ కాగితం మీదా అది రాయలేదు.

ఇక్కడ ఒక మాట నా సొంతంగా. ఈ ఉత్తరాల గురించి ఎక్కువగా గూఢచారి కథలా చెబుతారు. కానీ సిబిల్ ఏం పోగొట్టుకుందో నేను ఆలోచిస్తాను. భర్త నుంచి ఏడాదికి ఏ ఒకటో రెండో ఉత్తరాలు వస్తాయి. అవి చేతికి రాగానే గుండెలకి హత్తుకుని దాచుకోవడానికి లేదు, ముందు అధికారులకి పంపాలి, ల్యాబ్‌లో పరీక్ష చేస్తారు. ఆమె రాసే ఉత్తరంలో ఏ తేదీ వేయాలో, ఏ ఫోటో పెట్టాలో కూడా వేరేవాళ్ళతో కలిసి ఆలోచించి చేయాలి. భార్యాభర్తల మధ్య ఇంకెవరూ చూడకూడనిది ఏదైనా ఉందంటే ఉత్తరం. అదే ఊరందరి అవసరానికి ఇచ్చేసింది. ఆ జాబితాలో పేరున్న ప్రతి మనిషి ఇంటికీ ఆమె ఇచ్చింది అది.

1973 జనవరి 27న పారిస్‌లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి, ఆ రోజే బతికున్న ఖైదీల జాబితా అందజేశారు. ఫిబ్రవరి 12న మొదటి విమానాలు హనోయ్ నుంచి ఫిలిప్పీన్స్‌కి బయల్దేరాయి, స్టాక్‌డేల్ ఆ మొదటి రోజు వచ్చినవాళ్ళలోనే ఉన్నాడు. మూడు రోజులకి శాన్‌డియాగోలోని మిరామార్‌లో విమానం దిగాడు, కాలు సరిగ్గా వంగదు, కుంటుతూ వచ్చాడు, సిబిల్, నలుగురు పిల్లలూ రన్‌వే మీద ఉన్నారు. 1976లో ఆయనకి అమెరికా సైన్యంలో అన్నిటికంటే పెద్ద పతకం, మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు. సిబిల్‌కి నేవీ పౌరులకిచ్చే అత్యున్నత పురస్కారం ఇచ్చింది, సర్వీసులో ఉన్న అధికారి భార్యకి అది ఇవ్వడం ఆమె ఒక్కరి విషయంలోనే జరిగింది. ఆయన 2005లో, ఆమె 2015లో పోయారు.

ఆ వసంతంలో మొత్తం 591 మంది తిరిగొచ్చారు. సిబిల్ సంఘంలో ఉన్న భార్యలందరి భర్తలూ ఆ 591లో లేరు. జాబితా వచ్చిన రాత్రి కొన్ని ఇళ్ళకి ఫోను మోగి ఉన్నాడని చెప్పారు, కొన్ని ఇళ్ళకి మోగి పేరు లేదని చెప్పారు. ఏళ్ళ తరబడి ఒకే బల్ల చుట్టూ కూర్చుని కవర్లు అంటించినవాళ్ళు, ఒకే రాత్రి రెండు గుంపులయ్యారు. ఆ రెండో గుంపులో కొందరికి అప్పటిదాకా ఒక్క ఉత్తరం కూడా రాలేదు. వాళ్ళు ఆ సంఘాన్ని వదల్లేదు, ఇంకా దశాబ్దాల పాటు నడిపారు, లావోస్‌కీ వియత్నాంకీ వెళ్ళి అడిగారు, ఎముకలు వెతికించారు. లావోస్‌లో పడిపోయిన పైలట్ల భార్యల సంగతి మరీ ఘోరం, అక్కడ యుద్ధం జరుగుతోందనే అమెరికా చాలాకాలం ఒప్పుకోలేదు. దాని గురించి మాట్లాడాలంటే ఇంకో గంట కావాలి, హాలు ఖాళీ చేయాలంటున్నారు. ఎవరైనా అడగాలనుకుంటే బయట కాఫీ దగ్గర ఉంటాను, రండి.